శునకము : మచ్చిక చరిత్ర

మహాభారతము ఆదిపర్వమున, కథ సర్పయాగము వరకు రాకమునుపే, ఒక కుక్కపిల్ల యేడ్పు మనకు వినవచ్చును. జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా సారమేయుడను కుక్కపిల్ల అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు; దానివంక చూడనైన లేదు. ఏడ్చుచు తల్లి యొద్దకు పోయి చెప్పుకొనెను. దేవలోకపు శునకమైన సరమ సత్రశాలకు వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డ నేల కొట్టితిరని యడిగెను. వారు బదులు చెప్పలేకపోయిరి. ఊహింపని భయము మీకు కలుగునని శపించి ఆమె వెడలిపోయెను. నన్నయభట్టు తెనిగించిన యీ ఘట్టమును మనలో పెక్కుమంది చదివియే యుందురు.

ఆ యితిహాసమే ముగింపునకు వచ్చుసరికి, ధర్మరాజు తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథమెక్కుటకు సమ్మతింపలేదు. ఒక చోట నిష్కారణముగా పడిన దెబ్బ. మరియొక చోట విడువరాని తోడు. మానవునకును శునకమునకును గల సంబంధము వేల సంవత్సరములుగా ఈ రెంటి నడుమనే సాగుచున్నది. కుక్క మన మాట వినుట భయముచేతనా, నమ్మకముచేతనా? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలమువారు ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పిరి. సమాధానము తప్పైనప్పుడు ఆ తప్పు భారము కుక్క వీపు మీదను, కొన్నిసార్లు పసిబిడ్డ చేతి మీదను పడెను. కావున ఈ చరిత్ర కుక్కలను పెంచువారికే గాక, వీధిలో దానిని చూచి జడియువారికిని అవసరమైనదే.

కుక్క తోడేలు సంతతి యనుట నేడు నిస్సందేహముగా తేలిన విషయము. మనిషి ఆవును, మేకను, గొర్రెను మచ్చిక చేయుటకు పూర్వమే, విత్తనము విత్తుట యెరుగకమునుపే, కుక్క అతని వెంట నుండెను. జర్మనీదేశమున బాన్ నగరము చెంత ఓబెర్‌కాసెల్ అను చోట 1914వ సంవత్సరమున రాతి క్వారీలో పనివారు త్రవ్వుచుండగా ఒక సమాధి బయల్పడెను. అందు ఒక పురుషుని, ఒక స్త్రీని, వారితోపాటు ఒక కుక్కను పూడ్చియుండిరి. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 సంవత్సరములు. ఆ కుక్క దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక ముచ్చటైన సంగతి ప్రకటించిరి. అది ఏడు మాసముల కూన. చనిపోవుటకు కొన్ని వారములు ముందుగా దానికి డిస్టెంపర్ అను ప్రాణాంతకమైన జ్వరము వచ్చెను. అట్టి జబ్బుతో అన్నివారములు బ్రదుకవలెనన్న ఎవరో దానికి నీరు త్రాగించి, శుభ్రము చేసి, వెచ్చగా ఉంచియుండవలెను. జబ్బుపడిన కూన వేటకు పనికిరాదు, కావలికిని పనికిరాదు. అయినను దానిని సాకిరి. మనకు లభించిన మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యములలో ఒకటి సేవను గూర్చినది కాదు, దయను గూర్చినది.

ఇజ్రాయేలున ఐన్ మల్లాహా అను చోట దొరకిన సుమారు 12,000 సంవత్సరముల నాటి సమాధిలో మనిషి చేయి ఒక కుక్కపిల్ల మీద ఆనించియున్నది. మన దేశమున కాశ్మీరమునందు బూర్జహోమ్‌లో జరిగిన త్రవ్వకములయందు నవీనశిలాయుగపు మనుష్యుల సమాధులలో కుక్కల యస్థికలు కనబడెను. అచ్చటనే దొరకిన ఒక రాతిపలక మీద వేటగాండ్రును, జింకయు, వారి వెంట ఒక కుక్కయు చెక్కబడియున్నవి.

తరువాత రాజ్యములు వచ్చినవి, రాజుల వేటలు వచ్చినవి. బాబిలోనియా నేలిన పారసీక పాలకుడొకడు పెక్కు భారతదేశపు కుక్కలను పోషించెననియు, వాని తిండి కొరకు నాలుగు పెద్ద గ్రామములకు ఇతరమైన పన్నులన్నియు మాన్పించెననియు హెరొడోటస్ వ్రాసెను. గ్రీకులలో క్రీస్తుపూర్వము 4వ శతాబ్దివాడైన జెనొఫన్ వేటకుక్కలను గూర్చి ఒక గ్రంథమే రచించెను. పిలుచుటకు వీలుగా కుక్కకు చిన్న పేరు పెట్టవలెనని అందు ఆతడు చెప్పెను. నేటికిని ఆ సలహా చెల్లును.

క్రీస్తుశకము 2వ శతాబ్దిలో ఆర్రియన్ అను చరిత్రకారుడు మరల అదే విషయమును చేపట్టెను. అలెగ్జాండరు దండయాత్రను, మన దేశమును గూర్చిన ఇండికాను వ్రాసినవాడితడే. తన పెంపుడు కుక్కయైన హోర్మేను గూర్చి ఆతడు వ్రాసిన నాలుగు మాటలు ఎన్నదగినవి. చిన్ననాట దానిని కొరడాతో శిక్షించిరట. పెద్దదైన పిమ్మట కూడ ఎవరైన కొరడా మాట యెత్తినచో, అది ఆ మనిషి యొద్దకు పోయి, నేలకు కుంగి, ముఖమున ముఖముంచి, మెడకు వ్రేలాడి, వారి కోపము తీరినదాక విడువదట. ఇప్పటి జంతుమనస్తత్వవేత్తలు దీనిని ప్రసన్నము చేసికొను చేష్ట యందురు. చూచువారికి అది ముద్దుగా తోచును; కుక్కకు మాత్రము అది వేడికోలు. ఒకనాటి కొరడా ఎన్నియేండ్లు జ్ఞాపకముండునో ఆర్రియన్ కనిపెట్టి వ్రాసెను. కుక్క మనిషి చెంత పండుకొనుట మేలనియు, చక్కగా పని చేసినప్పుడు పేరు పెట్టి మెచ్చుకొని తల నిమురవలెననియు కూడ ఆతడే చెప్పెను.

మన తెలుగునాటను ఈ సాంగత్యము ప్రాచీనమైనదే. గొర్రెల మందల వెంటను, పొలముల మంచెల క్రిందను కుక్క లేని పల్లె లేదు. కొల్లేటి పరిసరములలో బాతుల మందలను కాచుటకు జోనంగి జాతి కుక్కలను పెంచిరి. ఒక్క కేకకు చెదరిపోవు బాతులను కరవక, బెదరింపక ఒకచోట చేర్చుట కొరడాతో నేర్పరాని విద్య. కాని మన సామెతలు మాత్రము కుక్కయెడ దయగా లేవు. విశ్వాసమునకు కుక్కనే చెప్పుదుము. కాని “కుక్క కాటుకు చెప్పుదెబ్బ” అనియు మనమే అందుము. ఒకే నోటితో మెచ్చుకొని, ఒకే చేతితో కొట్టుట మన అలవాటైనది.

ఆధునిక కాలమున కుక్క శిక్షణ ఒక శాస్త్రముగా రూపొందుటకు తొలి కారణము పోలీసు, సైన్యములు. జర్మనీలో కన్రాడ్ మోస్ట్ అను పోలీసు అధికారి 1910వ సంవత్సరమున కుక్కల శిక్షణను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కుక్క మనిషివలె ఆలోచించి, మంచి చెడ్డలు తెలిసి నడచునని భ్రమపడరాదనియు, తాను చేసిన పనికి వెంటనే కలుగు ఫలమును బట్టియే అది నేర్చుకొనుననియు ఆతడు స్పష్టముగా చెప్పెను. ఇది గొప్ప ముందంజ. కాని ఆ ఫలములలో గొలుసు కుదుపునకును, బెత్తమునకును ఆతడు పెద్దపీట వేసెను. ఆతని పద్ధతులు ప్రథమ ప్రపంచ యుద్ధమున సైన్యపు కుక్కలకును, అటుపిమ్మట ఇండ్లలోని కుక్కలకును వ్యాపించెను.

ఆ యుద్ధమే మరియొక మార్గమును గూడ చూపెను. యుద్ధరంగమున కన్నులు కోల్పోయిన సైనికుల కొరకు 1916లో జర్మనీయందలి ఓల్డెన్‌బర్గ్‌లో మార్గదర్శక శునకముల పాఠశాల వెలసెను. డొరోతి యూస్టిస్ అను అమెరికను వనిత 1927లో ఈ శిక్షణను గూర్చి ఒక వ్యాసము వ్రాయగా, మారిస్ ఫ్రాంక్ అను అంధయువకుడు స్విట్జర్లండునకు పోయి బడ్డీ యను కుక్కతో 1928లో స్వదేశమునకు మరలి వచ్చెను. 1929లో అమెరికాలో అట్టి సంస్థ యేర్పడెను. ఈ కుక్కలకు నేర్పు పాఠములలో కష్టమైనది మాట వినుట కాదు, అవసరమైనప్పుడు మాట వినకుండుట. యజమాని ముందునకు నడువుమన్నను ఎదుట మోటారు వచ్చుచున్నచో కుక్క కదలరాదు. ఆజ్ఞ తప్పిన దెబ్బ తప్పదని వణకు జంతువునకు ఈ ధైర్యము అబ్బుట కష్టము. యజమానిని నమ్మిన కుక్కయే ఆయన మేలు కొరకు ఆయన మాటను కాదనగలదు.

ఇంతలో ప్రయోగశాలలు కూడ ఈ విషయమును చేపట్టినవి. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యను శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, తిండికి ముందు వినిపించు శబ్దమునకే కుక్క నోట లాలాజలము ఊరునని నిరూపించెను. గంట కథయే లోకమున ప్రసిద్ధమైనది గాని, ఆతడు తాళయంత్రము మొదలగు ఇతర సాధనములను గూడ వాడెను. మంచి ఫలితము నిచ్చిన పనిని జంతువు మరల చేయునని అమెరికాలో థార్న్‌డైక్ 1898లోనే చూపియుండెను. 1951లో స్కిన్నర్ అను మనస్తత్వవేత్త సామాన్యుల కొరకు ఒక వ్యాసము వ్రాసి, చేతిలో నొక్కిన టిక్కుమను చిన్న సాధనముతో ఎవరైనను కుక్కకు పనులు నేర్పవచ్చునని వివరించెను. టిక్కుమన్న వెంటనే తినుబండారము పెట్టుచు వచ్చినచో, కొలది సేపటిలో ఆ శబ్దమే “ఇదే నాకు కావలసిన పని” అను సందేశమగును.

ఇందలి కీలకమంతయు కాలమునందే యున్నది. బహుమానమైనను, దండనమైనను, ఆ క్షణమున చేయుచున్న పనికే అంటుకొనును. మన యిండ్లలో తరచు జరుగు ఒక సంగతిని చూడుడు. కుక్క గొలుసు తప్పించుకొని వీధికి పోవును. యజమాని పదిసార్లు పిలుచును. పదునొకండవ మారు అది తోక ముడుచుకొని వచ్చును. వచ్చినంతనే దానికి దెబ్బ. యజమాని దృష్టిలో అది పారిపోయినందుకు శిక్ష. కుక్క నేర్చుకొన్నదో, పిలిచినప్పుడు వచ్చిన దెబ్బ తగులునని. మరుసటి సారి అది యింకను దూరముగా పోవుటలో ఆశ్చర్యమేమి?

అమెరికాలో కేరెన్ ప్రయర్ అను వనిత 1960లలో హవాయి దీవులయందు డాల్ఫినులకు ఆటలు నేర్పెను. నీటిలోని డాల్ఫినుకు గొలుసు వేయుట సాధ్యము కాదు. కొట్టబోయినచో అది మునిగి దూరముగా పోవును. కావున మెప్పుదల తప్ప గతి లేదు. ఆ యనుభవముతో ఆమె 1984లో వ్రాసిన పుస్తకము కుక్కలను పెంచువారిలో గొప్ప మార్పు తెచ్చెను. గొలుసు లేని చోట పనికి వచ్చిన పద్ధతి గొలుసు ఉన్న చోట ఏల పనికి రాదని వారు తమ్ము తాము ప్రశ్నించుకొనిరి.

నమ్మకమును సంపాదించిన వారందరు దానిని నిలుపలేదు. 1957 నవంబరు 3వ తేదీన సోవియట్ శాస్త్రజ్ఞులు మాస్కో వీధులలో పట్టితెచ్చిన లైకాను అంతరిక్షమునకు పంపిరి. ఇరుకు పెట్టెలలో ఓపికగా కూర్చుండుట దానికి మెల్లమెల్లగా నేర్పిరి. ప్రయాణమునకు ముందు ఒక శాస్త్రజ్ఞుడు దానిని ఇంటికి గొనిపోయి తన పిల్లలతో ఆడుకొననిచ్చెను. అది తిరిగి వచ్చు ఉపాయము మాత్రము లేదు. వేడిమి మితిమీరి కొన్ని గంటలలోనే అది మరణించెనని 2002లో బయటపడెను. ఆ కార్యమున పాల్గొన్న ఒలెగ్ గజెంకో 1998లో, ఆ కుక్క మరణమునకు తగినంత జ్ఞానము ఆ యాత్రవలన తమకు లభింపలేదని పశ్చాత్తాపము ప్రకటించెను.

కొరడాను సమర్థించువారికి చాలకాలము ఆధారమైనది తోడేళ్ల కథ. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అను పరిశోధకుడు స్విట్జర్లండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో తోడేళ్లను పరిశీలించి, అవి పెత్తనము కొరకు ఎడతెగక పోరాడుచుండునని వ్రాసెను. 1970లో డేవిడ్ మీచ్ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము ఆ భావమును లోకమంతట వ్యాపింపజేసెను. దానినుండి, కుక్క గూడ ఇంటిలో పెత్తనము కోరును, దానిని నేలకు పడవేసి మనమే నాయకులమని చూపవలెను అను ఉపదేశము పుట్టెను. కాని బాసెల్‌లో నున్నవి ఒక ఆవరణలో బలవంతముగా కూర్చిన తోడేళ్లు. మీచ్ 1986 మొదలు ఉత్తరధ్రువ ప్రాంతమందలి ఎల్స్‌మియర్ ద్వీపమున స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను పెక్కు వేసవులు గమనించి, 1999లో తన పాత భావమును తానే సవరించుకొనెను. స్వేచ్ఛగా నుండు తోడేళ్ల గుంపు సాధారణముగా తల్లియు, తండ్రియు, వారి బిడ్డలును గల కుటుంబమే. అచ్చట నాయకత్వమనగా తల్లిదండ్రుల పెంపకము. చెరసాలలోని కలహమును చూచి గృహస్థధర్మమును నిర్ణయించినట్లైనది మన పాత జ్ఞానము.

మచ్చిక యెట్లు కలుగునో తెలిసికొనుటకు సోవియట్ శాస్త్రజ్ఞుడు బెల్యాయెవ్ 1959లో నొవొసిబిర్స్క్‌లో నక్కలతో ఒక ప్రయోగము మొదలిడెను. రంగు చూడక, రూపు చూడక, మనిషికి బెదరని నక్కలనే తరతరము ఎన్నుకొని పిల్లలు పెట్టించెను. ఆతడు 1985లో గతించిన పిమ్మట ల్యుద్మిలా త్రూత్ ఆ పని సాగించెను. కొలది తరములలోనే నక్కలు మనిషిని చూచి తోక యాడించినవి, చేయి నాకినవి. కొన్నింటికి చెవులు వ్రేలాడినవి, తోకలు పైకి చుట్టుకొన్నవి. ఆ నక్కల పూర్వులు బోనులలో పెరిగినవే యగుటచే కొన్ని లక్షణములు ముందే యుండెనని తరువాతి పరిశోధకులు గుర్తుచేసిరి. అయినను మచ్చిక గుణమే ఆ యెన్నికకు మూలమనుట నిలిచియున్నది. కుక్క తోక వంకరను మనము ఎగతాళి చేయుదుము గాని, ఆ వంకర మనిషికి చేరువైన గుణముతో కూడ వచ్చినదేమో!

పుట్టుకతో వచ్చు గుణమొకటి, పెంపకముతో వచ్చునది మరియొకటి. అమెరికాలో బార్ హార్బర్‌లోని ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనువారు పెక్కు సంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో తమ గ్రంథమును ప్రకటించిరి. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల లోకమును పరిచయము చేసికొను కాలము. 14 వారముల వరకు మనిషి పొడ యెరుగక పెరిగిన పిల్లలను పిమ్మట మచ్చిక చేయుట మిక్కిలి దుర్లభమయ్యెనని అచ్చటి ప్రయోగమే 1961లో చూపెను. ఆ వారములలో కూన యెరుగు పిల్లల కేకలు, గొడుగు, చీపురు, వంటపాత్రల చప్పుడు, వచ్చిపోవు చుట్టములు, ఇవన్నియు తరువాత దానికి భయహేతువులు గాకుండును.

కుక్కకు భాష లేదనుట సరి గాదు. కోపించిన కుక్క నిలుచు తీరును, లొంగిన కుక్క నిలుచు తీరును డార్విన్ 1872లోనే బొమ్మలతో సహా వర్ణించెను. ఒకటి నిటారుగా, బిగిసి; మరియొకటి వంగి, మెలికలు తిరిగి. కుక్క పెదవి నాకుకొనుట, నిద్ర రాకున్నను ఆవులించుట, ముఖము త్రిప్పుకొనుట, కంటి తెలుపు కనబడునట్లు ఓరగా చూచుట, ఇవి తరచు కలత గుర్తులు. తోక యాడించినంత మాత్రమున సంతోషమని యెంచరాదు. “మొరిగే కుక్క కరవదు” అను సామెతను నమ్మి పసివారు దగ్గరకు పోరాదు. గుఱ్ఱుమనుట హెచ్చరిక. గుఱ్ఱుమన్నందుకు కొట్టినచో భయము పోదు, హెచ్చరిక మాత్రము పోవును. అట్టి కుక్కయే “ఏమియు చెప్పక కరచిన కుక్క” అనిపించుకొనును.

పోర్చుగలున 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధనయు దీనినే చెప్పుచున్నది. దండనపద్ధతిలో శిక్షణ పొందిన కుక్కలలో కలత గుర్తులు హెచ్చుగా కనబడెను. శిక్షణ పిమ్మట వాని లాలాజలమున కలతను సూచించు రసము పెరిగెను. తిండి యున్నదో లేదో తెలియని గిన్నె యొద్దకు పోవుటకు సహితము అట్టి కుక్కలు ఎక్కువ సంకోచించెను. దెబ్బలు తినిన జీవికి లోకమంతయు అనుమానాస్పదమే.

మన దేశపు వీధికుక్కలను గూర్చిన ముచ్చటతో ఈ ప్రసంగమును ముగింతుము. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థయందు అనిందితా భద్ర బృందము వీధికుక్కల ప్రవర్తనను పరిశోధించుచున్నది. పరిచయము లేని మనిషి కొన్ని కుక్కలకు పలుమార్లు తిండి పెట్టెను, కొన్నింటిని పలుమార్లు నిమిరెను. 2017లో వారు ప్రకటించిన ఫలితమేమనగా, నమ్మకము పెంపొందించుటలో తిండి కంటె నిమురుటయే మిన్నగా పనిచేసెను. ఎంగిలి విస్తళ్ల మీద బ్రదుకు జీవికి అన్నము కంటె ఆదరణ అరుదు గాబోలు. అట్లని తెలియని వీధికుక్కను పసివారు తాకరాదు. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడిగి, జాగు చేయక వైద్యుని యొద్ద టీకా వేయించుకొనవలెను. ఇంటి కుక్కకు ఏటేట టీకా వేయించుట గూడ నమ్మకములో భాగమే.

కుక్కను పెంచు గృహస్థులకు ఈ చరిత్ర నేర్పునది కొంచెమే. పేరు చిన్నదిగా పెట్టి మెల్లగా పిలువవలెను. వచ్చిన ప్రతిసారియు మెచ్చుకొనవలెను; వచ్చిన కుక్కను ఎన్నడును కొట్టరాదు. పాఠము నాలుగైదు నిమిషములకు మించరాదు. ఇంటిలో అందరును ఒకే మాట వాడవలెను; తండ్రి వద్దన్నదానిని కుమారుడు అనుమతించినచో అది యెవరి మాట వినవలెను? తినునప్పుడును, నిద్రించునప్పుడును దాని జోలికి పోరాదు. అది గుఱ్ఱుమన్నచో చేతిలోని కర్రను వెదకుటకు ముందు దాని భయమునకు కారణమును వెదకవలెను. నా బిడ్డ నేల కొట్టితిరని నాడు సరమ యడిగినప్పుడు రాజపుత్రులకు సమాధానము దొరకలేదు. మన యింటి కుక్క అట్లు అడుగలేదు గావున, చేయి యెత్తుటకు ముందు ఆ ప్రశ్నను మనమే వేసికొనుట మేలు.